పాత హెడ్‌ఫోన్లు: ఏది బాగుందో ఎలా తేల్చాలి?

సెకండ్ హ్యాండ్‌లో పాత హెడ్‌ఫోన్ కొనబోతున్నారా? డబ్బులిచ్చే ముందు ఈ నాలుగు మాటలు వినండి.

రెండింటిని తీసుకుందాం. సెన్‌హైజర్ హెచ్‌డీ 414, 1968లో వచ్చింది. దీని కప్పుల వెనక తెరిచి ఉంటుంది, చెవి మీద పసుపు స్పాంజి ఉంటుంది. రెండోది కాస్ ప్రో 4ఏఏ, 1970 నాటిది. ఇది మూసి ఉంటుంది, బరువెక్కువ, చెవిని మొత్తం కప్పేస్తుంది.

పరీక్షకి ఏ పాట? మన గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల గారి గొంతు ఉందిగా! 1957 నాటి మాయాబజార్ పాట పెట్టండి. అది మోనో రికార్డింగు, అంటే రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం. కాబట్టి ఏ వాయిద్యం ఏ వైపు ఉందో వెతక్కండి, గొంతు మీదే ధ్యాస పెట్టండి.

414లో బేస్ తక్కువ, గొంతు తేలిగ్గా, గాలాడినట్టు ఉంటుంది. కానీ ఫ్యాన్ చప్పుడూ లోపలికొస్తుంది. కాస్‌లో బయటి చప్పుడు తగ్గుతుంది. అయితే ప్యాడ్ పగిలి సందు ఏర్పడితే బేస్ బయటికి పోతుంది. అది మోడల్ లోపం కాదండి, ప్యాడ్ లోపం.

అసలు మోసం వాల్యూమ్‌లో ఉంది. 414ది 2000 ఓమ్‌లు, కాస్‌ది 250. ఒకే ఫోన్‌కి, ఒకే వాల్యూమ్‌లో పెడితే రెండూ ఒకే స్థాయిలో పలకవు. గట్టిగా పలికేదే మన చెవికి బాగున్నట్టు తోస్తుంది. ముందు రెండింటి సౌండూ సమానం చేసి, అప్పుడు పోల్చండి.

బందరు, దివిసీమ వాళ్లకి ఇంకో మాట. ఉప్పుగాలికి ప్లగ్గు చిలుము పడుతుంది. ప్లగ్గు మెల్లగా తిప్పి చూడండి. గరగరమంటే బేరం తగ్గించండి.

ఉంటానండి, మళ్లీ కలుద్దాం.