ఆర్‌15 కాగితంలో 18 గుర్రాలు.. మన రోడ్డు మీద ఎన్ని?

మంత్రాలయం, కోసిగి, ఎమ్మిగనూరు పక్క ఏ ఊర్లో పిల్లోన్ని అడిగినా యమహా ఆర్‌15 లెక్కలు గడగడా చెప్తాడు. 155 సీసీ, 18.4 పీఎస్, ఆరు గేర్లు. బాగుండాది. కానీ ఆ కాగితంలోనే 18.4 పక్కన చిన్నగా ఇంకో అంకె ఉంటాది: 10,000 ఆర్‌పీఎం. దాన్ని ఎవురూ చదవరు. బండి సంగతంతా ఆడనే ఉండాది.

ఆర్‌పీఎం అంటే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతాంది అని. టార్క్ అంటే ఆ తిప్పే బలం. గుంటక లాగేటప్పుడు ఎద్దు ఎంత గట్టిగా లాగుతాది అనేది టార్క్, ఎంత బిరబిరా నడుస్తాది అనేది ఆర్‌పీఎం అనుకోండి. రెండూ కలిస్తేనే పవర్. లెక్క కావాలంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగించండి, కిలోవాట్లు వస్తాయి. ఒక కిలోవాట్ 1.36 పీఎస్.

ఇప్పుడు మన బండికి ఈ లెక్క వేద్దాం. 2021లో వచ్చిన నాలుగో వెర్షన్ టార్క్ ఎంత పిండినా 14.2 ఎన్ఎం, అదీ 7,500 దగ్గర. ఊర్లో మనం 4,000 కాడికే గేరు మార్చేస్తాం. ఆడ కూడా 14.2 నిండుగా ఉందనుకున్నా 8.1 పీఎస్ దాటదు. నాయన స్ప్లెండర్ 97 సీసీదే, 8,000 దగ్గర 8 పీఎస్ ఇస్తాది. దాని బరువు 112 కిలోలు, ఆర్‌15 బరువు 142. అంటే 18 గుర్రాలకు దుడ్లు కట్టి, ఊర్లో ఎనిమిదింటితోనే తిరుగుతాండాం. మిగతా పది గుర్రాలు బయటికి రావాలంటే ఇంజను అరవాల్సిందే.

అట్లని అది పనికిరాని బండి అనేది కాదప్పా. 2008లో మొదటి ఆర్‌15 మన దేశానికి వచ్చినప్పుడు 150 సీసీ బండ్లు చానా మటుకు గాలికి చల్లబడేవి, కార్బురేటర్‌తో నడిచేవి. దీనికేమో రేడియేటరు, ఫ్యూయల్ ఇంజెక్షను, ఆరు గేర్లు, డెల్టాబాక్స్ ఫ్రేము. ఆ ఫ్రేములో హ్యాండిల్ కాడ నుంచి వెనక చక్రం చేయి పట్టుకునే చోటు దాకా రెండు వెడల్పాటి దూలాలు పోతాయి. మలుపులో బండి అల్లాడకుండా ఉండేది దాని వల్లనే. ఆర్ఎక్స్100 శబ్దం మీద మోజు పడిన మామలు కూడా ఈ సంగతి ఒప్పుకుంటారు.

2018లో మూడో వెర్షన్‌తో వీవీఏ వచ్చింది. కాలవ తూము షట్టరును నీళ్ల అవసరాన్ని బట్టి తక్కువో ఎక్కువో ఎత్తుతారు కదా, ఇదీ అంతే. 7,400 ఆర్‌పీఎం దాకా లోపలికి గాలి తెచ్చే వాల్వులు కొంచెమే లేస్తాయి, ఆ పైన ఇంకో క్యామ్ పట్టుకొని ఎక్కువ లేపుతాది. మన వాడకంలో ఆ రెండో క్యామ్‌కు పని పడేదే అరుదు.

10,000 దగ్గర పిస్టన్ సెకనుకు దాదాపు 20 మీటర్లు నడుస్తాది. అట్లాంటి ఇంజనుకు ఆయిలే పానం. మన ఎర్రదుమ్ము, నల్లరేగడి దుమ్ములో ఎయిర్ ఫిల్టర్ కాగితంలో రాసిన గడువు కంటే ముందే చూపించుకోవాల. రేడియేటర్‌లో కూలెంట్ తగ్గితే బోరునీళ్లు పోయొద్దు, సున్నం పేరుకుంటాది. వేడి మీద మూత అస్సలు తీయొద్దు.

ఇంకో అంకె ఉండాది: సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు. ముందు కూర్చునేటోనికి సరే, వెనక సీటు చిన్నది, ఇంకా పైన ఉంటాది. చీర కట్టుకున్న అమ్మను పక్కకు కూర్చోబెట్టుకొని ఆదోని ఆస్పత్రికి పోవాలంటే తిప్పలే. గడ్డిమోపు, మందు డబ్బా మాట చెప్పనే అక్కర్లే. ఇంట్లో ఇంకో బండి ఉంటే సరే, ఇదొక్కటే అయితే ఆలోచించాల్సిన మాట.

బ్రేకులు మంచియ్యే, రెండు చక్రాలకూ డిస్కు, ఏబీఎస్. అయితే రోడ్డు మీద ఆరబోసిన జొన్నల మీద, ఇసక మీద ఏబీఎస్ చక్రం జారకుండా చూస్తాదే గానీ బండిని తొందరగా ఆపదు. ఇంకా ఎక్కువ దూరం పోయి ఆగుతాది కూడా. వంద వేగంలో కన్ను మూసి తెరిచే సెకనుకు 28 మీటర్లు పోతాం. యాభైలో ఉన్నదాని కంటే ఆపాల్సిన శక్తి నాలుగింతలు. ఐఎస్ఐ హెల్మెట్ లేకుండా ఈ లెక్కలన్నీ దండగ.

పద్దెనిమిది నిండని తమ్ముళ్లకు ఒక మాట. 2019 చట్ట సవరణ తర్వాత మైనరు నడిపితే 25 వేల జరిమానా, మూడేండ్ల దాకా జైలు పడేది నీకు కాదు, బండి ఇచ్చిన మీ నాయనకు. రిజిస్ట్రేషన్ కూడా ఏడాది రద్దు. గుంటూరు పక్క మిరపకాయ కోతకు పోయి తెచ్చిన కూలితో ఈ బండికి కంతులు కట్టే ఇండ్లు మన పక్క ఉండాయి, ఆ ఇండ్లకు 25 వేలంటే ఎంతో చెప్పాల్నా?

సెకండ్ హ్యాండ్‌లో చూసేటోళ్లు ఉంటే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పోండి. అమ్మేటోడు ముందే వేడి చేసి పెట్టినాడంటే అనుమానించండి. రేడియేటర్ రెక్కలు వంగినాయా, ముందు ఫోర్కుల మీద ఆయిల్ తడి ఉందా, ఇంజను నంబరు ఆర్‌సీతో కలుస్తాందా చూడండి. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే వాళ్ల ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చినాకనే మిగతా దుడ్లు ఇయ్యండి.