ఆగస్టులో ఏం నాటాలి: ఏజాక్స్ పెరట్లో లెక్క వెనక నుంచి

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నది విత్తనాలు పక్కన పెట్టుకుని చూసుకోవడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాను.

ఆగస్టు రాగానే చాలామంది "ఇంక సమ్మర్ అయిపోయింది" అని కుండీలు పక్కన పెట్టేస్తారు. నిజానికి మన ఆకుకూరల్లో కొన్నింటికి ఇప్పుడే మంచి టైం. ఏజాక్స్ సెప్టెంబరు మనకి చలికాలం లాంటిది. మన ఊళ్లో కొత్తిమీర, మెంతికూర ఏ కాలంలో బాగా వస్తాయో గుర్తు తెచ్చుకోండి. ఎండ ముదిరితే కొత్తిమీర తొందరగా పూతకొచ్చేస్తుంది. చల్లబడితే ఆకు నిలబడుతుంది.

లెక్క మాత్రం వెనక నుంచి వేయాలి. ఇక్కడ ఆకుల మీద తెల్లగా పేరుకునే తొలి ఫ్రాస్ట్ మామూలుగా అక్టోబరు మొదటి సగంలో పడుతుంది. అక్టోబరు 10 అనుకుందాం. పగలు రోజూ దాదాపు మూడు నిమిషాలు తగ్గుతుంది కాబట్టి మొక్క నిదానంగా పెరుగుతుంది. అందుకే ప్యాకెట్ మీద రాసిన రోజులకి ఇంకో 14 కలపండి.

మెంతికూర: 30 + 14 = 44 రోజులు. ఆగస్టు 27 లోపు చల్లేయాలి.
పాలకూర (ఇక్కడ స్పినాచ్ అని దొరికేది): 40 + 14 = 54. ఆగస్టు 17 లోపు.
కొత్తిమీర: 45 + 14 = 59. ఆగస్టు 12 లోపు.

ఈ మూడూ కొద్దిపాటి చలికి ఓర్చుకుంటాయి. వారం ఆలస్యమైనా నష్టం లేదు, రాత్రిపూట పాత దుప్పటి కప్పితే చాలు. గోంగూర, బెండ, తోటకూర మాత్రం ఇప్పుడు కొత్తగా వేయకండి. వాటికి వేడి కావాలి. ఉన్న గోంగూరని ఫ్రాస్ట్ పడకముందే కోసి పచ్చడి పెట్టేసుకోండి.

మెంతులు, ధనియాలు వంటింట్లోవే వాడొచ్చు. ముందు ఓ పది గింజలు తడి పేపర్ టవల్‌లో చుట్టి చూడండి, మొలిస్తేనే మిగతావి వేయండి. ధనియాలని రెండుగా నలిపి రాత్రంతా నానబెట్టాలి. పాలకూర గింజ వేడి మట్టిలో సరిగా మొలవదు, సాయంత్రం చల్లి నీడ పెట్టండి. ఇండియా నుంచి అమ్మావాళ్లు విత్తనాలు తెస్తుంటే ఎయిర్‌పోర్టులో తప్పనిసరిగా డిక్లేర్ చేయమనండి.

బేస్‌మెంట్‌లో అద్దెకుంటే పెరడు తవ్వే ముందు ఓనర్‌ని అడగండి. కుదరకపోతే అడుగున చిల్లులు పెట్టిన వెడల్పాటి టబ్బు, ఆరేడు అంగుళాల మట్టి చాలు. మెంతికూరకి అంతకంటే అక్కర్లేదు. ఇల్లు మారినా టబ్బు మీతో వస్తుంది.

వెల్లుల్లి సంగతి వేరు. అక్టోబరు మధ్యలో రెబ్బలు రెండు అంగుళాల లోతున, మొన పైకి ఉండేలా నాటితే స్నో కింద పడుకుని జూలైకి గడ్డలవుతాయి. జూలైదాకా అదే ఇంట్లో ఉంటామనే నమ్మకం ఉంటే అది పెట్టండి. లేకపోతే ఈ వీకెండే మెంతులు చల్లండి, సెప్టెంబరు ఆఖరుకి పప్పులోకి కూర వస్తుంది.