హోమ్ పీసీకి ఫ్రీ యాంటీవైరస్: కోనసీమ ఇళ్లలో ఏది వేస్తే సరిపోతుంది?

పండక్కి ఊరొచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి కోనసీమలో తప్పని డ్యూటీ ఒకటుంది. బ్యాగు కింద పెట్టి కాఫీ తాగేలోపే "ఒరేయ్, ఆ కంప్యూటర్ ఓసారి చూడరా, బాగా స్లో అయిపోయింది" అంటారు. మీరు చదివేది మెకానికలా, సివిలా అన్నది ఎవరికీ పట్టదు. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా ఇదే తంతు. చూడ్డం మొదలెట్టగానే రెండో ప్రశ్న వస్తుంది: "దీనికి ఫ్రీగా ఏ యాంటీవైరస్ వేస్తే మంచిది?"

ఇది తేలిగ్గా తీసుకునే ప్రశ్న కాదు. ఆ పాత డెస్క్‌టాప్‌లో ఏముంటుందో ఒక్కసారి ఆలోచించండి. గల్ఫ్‌లో పనిచేస్తున్న అక్కదో బావదో పాస్‌పోర్ట్, వీసా స్కాన్ కాపీలు. అంబాజీపేట మార్కెట్‌కి కొబ్బరి పంపే నాన్న లెక్కలు. పొలం కాగితాలు, పెళ్లి ఫొటోలు. చాలా ఇళ్లలో వీటికి రెండో కాపీ ఉండదు. అవి పోతే పోయినట్టే.

అందుకే ఏ యాంటీవైరస్ గొప్పది అనే లిస్టు కాకుండా, ఏ ఇంటికి ఏది సరిపోతుందో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. సమాధానం ముందే చెప్పేస్తాం: చాలామందికి కొత్తగా ఏదీ డౌన్‌లోడ్ చేయాల్సిన పనిలేదు. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ చాలు. కాకపోతే దానికి కొన్ని షరతులున్నాయి.

ముందు యాంటీవైరస్ కాదు, విండోస్ చూడండి

2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లన్నీ లాక్ చేసి, తెరవాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కట్టమని అడిగింది. మన దగ్గర దానికి చిక్కినవాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా ఉన్నాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో స్టేషన్ల సిస్టమ్‌లు దెబ్బతిన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి.

ఇందులో గమనించాల్సిన విషయం ఏంటంటే, వానాక్రై దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చేసింది. అంటే దాదాపు రెండు నెలల ముందే. సపోర్ట్‌లో ఉన్న విండోస్ వాడుతూ ఆ అప్‌డేట్ వేసుకున్నవాళ్ల సిస్టమ్‌లోకి అది ఆ దారిన రాలేకపోయింది. వేసుకోనివాళ్లు, సపోర్ట్ అయిపోయిన పాత విండోస్ వాడుతున్నవాళ్లు దొరికిపోయారు.

గోదావరి పక్కన పుట్టినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఏటిగట్టు ఎంత ఎత్తు పోసినా, ఒక్కచోట గండి పడితే ఊళ్లోకి నీళ్లొచ్చేస్తాయి. అప్‌డేట్ అంటే గండి పూడ్చడం. యాంటీవైరస్ అంటే గట్టు మీద కాపలా. గండి అలాగే వదిలేసి కాపలావాడిని మార్చినంత మాత్రాన ఉపయోగం ఉండదు.

కాబట్టి సెట్టింగ్స్ → సిస్టమ్ → అబౌట్‌లోకి వెళ్లి మీ పీసీలో ఏ విండోస్ ఉందో చూడండి.

- విండోస్ 7: దీనికి సపోర్ట్ 2020 జనవరి 14నే ముగిసింది. ఏ యాంటీవైరస్ వేసినా ఈ పీసీలో బ్యాంకు పని చేయకండి.
- విండోస్ 10: మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకి ఈఎస్‌యూ పేరుతో 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్స్ పొందే అవకాశం ఇచ్చారు. పీసీలో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, విండోస్ బ్యాకప్‌తో సెట్టింగ్స్ సింక్ చేస్తే ఇది ఫ్రీ. డిఫెండర్‌కి వైరస్ డెఫినిషన్లు 2028 అక్టోబర్ వరకు వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అది చూసి ఇంకేం భయం లేదనుకోవద్దు. కాపలావాడు ఉంటాడు గానీ, గండ్లు పూడ్చేవాడు ఉండడు.
- విండోస్ 11: అప్‌డేట్స్ ఆన్‌లో ఉంటే చాలు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. లంక గ్రామాల్లో చాలామంది పీసీకి ఫోన్ హాట్‌స్పాట్‌తోనే నెట్ ఇస్తారు. ఆ కనెక్షన్ 'మీటర్డ్' అని సెట్ అయి ఉంటే విండోస్ పెద్ద అప్‌డేట్స్‌ని దించుకోకుండా ఆపేస్తుంది. నెలల తరబడి అప్‌డేట్ లేని పీసీలకి చాలాసార్లు కారణం ఇదే. విండోస్ అప్‌డేట్ → అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మీటర్డ్ కనెక్షన్ మీద కూడా డౌన్‌లోడ్ చేసే ఆప్షన్ ఉంటుంది. నెలకోసారైనా అది ఆన్ చేసి, అప్‌డేట్ పూర్తయ్యాక ఆఫ్ చేసుకోండి.

డిఫెండర్ నిజంగా సరిపోతుందా?

"విండోస్‌తో వచ్చేది దండగ" అనే మాట పాతది. 2009లో మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని విడిగా ఫ్రీగా ఇచ్చినప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉండేది. 2012లో విండోస్ 8 నుంచి డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా సిస్టమ్‌లోనే వస్తోంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ ప్రొటెక్షన్, పర్ఫార్మెన్స్, యూజబిలిటీ అనే మూడు విభాగాల్లో ఒక్కోదానికి 6 మార్కులు ఇస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో డిఫెండర్ చాలాసార్లు ప్రొటెక్షన్‌లో 6కి 6 తెచ్చుకుంది. డబ్బులు కట్టించుకునే బ్రాండ్లకు వచ్చే మార్కులూ అవే.

అయితే డిఫెండర్‌లో మంచి ఫీచర్ ఒకటి డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. విండోస్ సెక్యూరిటీ → వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ → మేనేజ్ రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' ఆన్ చేయండి. దీంతో డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలోని ఫైళ్లను కొత్త ప్రోగ్రామ్‌లేవీ మార్చలేవు. లెక్కల సాఫ్ట్‌వేర్‌ని కూడా ఇది అడ్డుకునే అవకాశం ఉంది. అలా జరిగితే అక్కడే 'అలౌ ఏన్ యాప్' నొక్కి దానికి అనుమతి ఇవ్వండి. కంగారుపడి మొత్తం ఆఫ్ చేసేయకండి.

అలాగే యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ → రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్‌లో ఉన్నవన్నీ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో పాటు తోకలా వచ్చే టూల్‌బార్లు, చెత్త యాప్‌లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

నెట్ లేనప్పుడు కథ మారుతుంది

డిఫెండర్ బలం ఎక్కువగా క్లౌడ్‌లో ఉంది. అనుమానం వచ్చిన ఫైల్ గురించి మైక్రోసాఫ్ట్ సర్వర్‌ని అడిగి తేల్చుకుంటుంది. నెట్ లేకపోతే ఆ బలం తగ్గుతుంది. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ ల్యాబ్ తన మాల్వేర్ టెస్టుల్లో నెట్ తీసేసి ఎంతవరకు పట్టుకుంటాయో కూడా విడిగా కొలుస్తుంది. అందులో డిఫెండర్ వెనకబడుతూ వచ్చింది. బిట్‌డిఫెండర్, అవాస్ట్ లాంటివి దానికంటే మెరుగ్గా చేశాయి.

కోనసీమ వాళ్లకి ఇది ఊహకందని విషయమేం కాదు. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తర్వాత రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్న ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి పరుగెత్తారు. అలాంటప్పుడు ఫైళ్లు పెన్‌డ్రైవ్ మీదే ఒకచోట నుంచి ఇంకోచోటికి వెళ్తాయి. అంటే క్లౌడ్ అందుబాటులో లేని సమయంలోనే పెన్‌డ్రైవ్ వైరస్‌లకి దారి దొరుకుతుంది. తుపాను వచ్చి కరెంటు, టవర్లు పోయినప్పుడూ ఇదే పరిస్థితి.

కాబట్టి మీ ఇంట్లో నెట్ ఎప్పుడో గానీ ఉండదు, పెన్‌డ్రైవ్‌లు మాత్రం రోజూ తిరుగుతాయి అంటే, డిఫెండర్ కాకుండా వేరేది వేసుకోవడానికి నిజమైన కారణం ఉన్నట్టే. వారానికోసారైనా నెట్ ఇచ్చి డెఫినిషన్లు అప్‌డేట్ చేయడం మాత్రం దేనికైనా తప్పదు. డిఫెండర్‌తోనే ఉండేవాళ్లు మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి డెఫినిషన్ల ఫైల్‌ని వేరే పీసీలో దించి, తెచ్చి వేసుకోవచ్చు.

మిగతా ఫ్రీ యాంటీవైరస్‌లు ఎలా ఉన్నాయి?

*బిట్‌డిఫెండర్ ఫ్రీ:* రొమేనియా కంపెనీ. 2021 చివర్లో ఫ్రీ వెర్షన్ ఆపేసి, 2022లో కొత్త రూపంలో మళ్లీ తెచ్చింది. రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఉంది, సెట్టింగ్స్ గోల తక్కువ. వాడాలంటే అకౌంట్ క్రియేట్ చేసుకోవాలి. బయటిది వేయాల్సి వస్తే మా మొదటి ఓటు దీనికే.

*కాస్పర్‌స్కై ఫ్రీ:* వైరస్‌లు పట్టడంలో వంక పెట్టలేం. కానీ రష్యా కంపెనీ కావడంతో భద్రతా కారణాలు చెప్పి అమెరికా 2024 జూన్‌లో దీన్ని నిషేధించింది. ఆ ఏడాది సెప్టెంబర్ 29 తర్వాత అక్కడ అప్‌డేట్స్ ఇవ్వడానికి కూడా వీల్లేదంది. ఇండియాలో అలాంటి నిషేధం లేదు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య ల్యాప్‌టాప్‌కి మాత్రం దీన్ని రికమెండ్ చేయకండి.

*అవాస్ట్, ఏవీజీ, అవిరా:* పేర్లు మూడు, ఓనర్ ఒక్కరే. ఈ మూడూ ఇప్పుడు నార్టన్‌తో కలిసి జెన్ డిజిటల్ చేతిలో ఉన్నాయి. పట్టే శక్తి బాగానే ఉంది, పాపప్ యాడ్స్‌తో విసిగిస్తాయి. అవాస్ట్‌కి ఒక మచ్చ కూడా ఉంది. యూజర్ల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే తన అనుబంధ కంపెనీ ద్వారా అమ్మింది. 2020 జనవరిలో గొడవ బయటపడ్డాక జంప్‌షాట్‌ని మూసేసింది. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌టీసీ ఈ కేసులో 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. ఫ్రీ అన్నప్పుడు దాని ఖర్చు ఎక్కడ నుంచి వస్తోందో అడగాలని ఈ కేసు చెబుతోంది.

*మాల్వేర్‌బైట్స్ ఫ్రీ:* ట్రయల్ అయిపోయాక ఇది కాపలా కాయదు. మీరు అడిగినప్పుడు మాత్రమే స్కాన్ చేసి శుభ్రం చేస్తుంది. అనుమానం వచ్చినప్పుడు రెండో అభిప్రాయానికి పనికొస్తుంది.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. బయటి యాంటీవైరస్ వేయగానే డిఫెండర్ తనంతట తాను పక్కకి తప్పుకుంటుంది. దాంతో పాటు కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ కూడా పోతుంది. రెండు బయటి యాంటీవైరస్‌లు కలిపి వేస్తే రక్షణ రెట్టింపు కాదు, పీసీ నత్తనడక నడుస్తుంది. ఇంకోటి, అవాస్ట్, ఏవీజీ ఫ్రీ లైసెన్స్ ఇంటి వాడకానికి మాత్రమే. కొబ్బరి కొట్టులో బిల్లింగ్ పీసీకీ, నెట్ సెంటర్‌కీ అది చెల్లదు.

మన ప్రభుత్వం ఇచ్చే ఫ్రీ టూల్స్

ఇది చాలామందికి తెలీదు. సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర 2017 ఫిబ్రవరి 21న మొదలైంది. పీసీలో చేరిన బాట్‌లను తొలగించే టూల్స్‌ని మన దేశ యాంటీవైరస్ కంపెనీలతో కలిసి ఇక్కడ ఫ్రీగా ఇస్తున్నారు. దీని ద్వారా వచ్చినవాటిలో హైదరాబాద్ సీ-డాక్ తయారుచేసినవి కూడా ఉన్నాయి. యూఎస్‌బీ ప్రతిరోధ్ పీసీకి ఎవరు పెన్‌డ్రైవ్ పెట్టొచ్చో అదుపు చేస్తుంది. యాప్‌సంవిద్ మీరు ఒప్పుకున్న ప్రోగ్రామ్‌లని మాత్రమే నడవనిస్తుంది. ఇవి యాంటీవైరస్‌కి బదులు కాదు, దానికి తోడు.

ఏ యాంటీవైరస్సూ ఆపలేనివి

క్రాక్ సాఫ్ట్‌వేర్ మొదటిది. విండోస్ యాక్టివేటర్ వేసేముందు "యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని రాసి ఉంటుంది చూశారా? అంటే దొంగే తలుపు తీయమంటున్నాడు, మనం తీస్తున్నాం.

రెండోది రిమోట్ యాప్‌లు. బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి వేయమంటారు. అవి అసలైన యాప్‌లే కాబట్టి యాంటీవైరస్ నోరెత్తదు. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్పండి: ఫోన్‌లో ఎవరు చెప్పినా కంప్యూటర్‌లో ఏమీ ఎక్కించొద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి.

మూడోది బ్యాకప్ లేకపోవడం. వరద వస్తుందంటే కాగితాలు అటక మీదకి చేరుస్తాం కదా, ఇదీ అంతే. ముఖ్యమైన ఫైళ్లు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ పీసీకే తగిలించి ఉంచిన డిస్క్‌ని రాన్సమ్‌వేర్ కూడా లాక్ చేసేస్తుంది. పాస్‌పోర్ట్, పొలం కాగితాల స్కాన్లకి గూగుల్ ఇచ్చే 15 జీబీ ఫ్రీ స్పేస్ ధారాళంగా సరిపోతుంది.

ఫైనల్‌గా ఎవరికి ఏది?

- విండోస్ 11, నెట్ రోజూ ఉంటుంది: డిఫెండర్, కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేసి.
- నెట్ అరుదు, పెన్‌డ్రైవ్‌లు ఎక్కువ: బిట్‌డిఫెండర్ ఫ్రీ, వారానికో అప్‌డేట్.
- విండోస్ 10: ముందు ఈఎస్‌యూ సంగతి చూడండి, తర్వాతే యాంటీవైరస్. టీపీఎం 2.0 లేక విండోస్ 11కి నోచుకోని పీసీ అయితే లైనక్స్ మింట్ ట్రై చేయొచ్చు.
- విండోస్ 7: ఫైళ్లు కాపీ చేసుకుని నెట్ పీకేయండి. పాటలకి, సినిమాలకి వాడుకోండి.
- ఏదో తేడాగా ఉంది అనిపిస్తే: డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్, ఆ తర్వాత మాల్వేర్‌బైట్స్.

ఇదంతా చేయడానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు, బ్యాకప్ డిస్క్ కొంటే తప్ప. ఓ పూట టైమ్ పడుతుంది, అంతే. ఈసారి ఊరెళ్లినప్పుడు యాంటీవైరస్ కంటే ముందు ఆ బ్యాకప్ పని పూర్తి చేయండి.