ఎండను శ్లాబు పైనే ఆపితే

మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి, హైదరాబాద్‌లో నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు గోడలకు తగిలే ఎండ తక్కువ, భారమంతా డాబాదే. నడివేసవి మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్ల శక్తి పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల మేడ మీద ఇది 90 కిలోవాట్ల దాకా ఉంటుంది. అదంతా ఇంట్లోకి దిగదు, నిజమే. కానీ ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి తోడిపోయగల వేడి ఐదు కిలోవాట్ల పైచిలుకు మాత్రమే.

ఏ రంగూ వేయని శ్లాబు తన మీద పడిన ఎండలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. ఆ వేడి ఐదారు అంగుళాల కాంక్రీటు దాటి అడుగుకు చేరడానికి గంటలు పడుతుంది. అందుకే బయట గాలి చల్లబడిన తర్వాత, రాత్రి భోజనాల వేళ కూడా గది కాగుతూనే ఉంటుంది. వేడెక్కిన పైకప్పు నుంచి వచ్చే పరారుణ కిరణాలు మంచం మీది మనిషిని నేరుగా తాకుతాయి. ఫ్యాను వేసినా ఆ సెగ ఆగదు. సాయంత్రం డాబా మీద నీళ్ళు కొట్టే అలవాటులో మంచి శాస్త్రమే ఉంది: లీటరు నీరు ఆవిరైతే, యూనిట్ కరెంటులో మూడింట రెండు వంతులకు సమానమైన వేడి దానితో పోతుంది. అయితే అప్పటికే పగలంతా తాగిన ఎండ శ్లాబు లోపల ఉంటుంది.

రాయలసీమ మట్టిమిద్దెల మీద మందంగా చవుడు మన్ను పరిచేవారు. కోస్తా తాటాకిళ్ళలో ఆకుల పొరల మధ్య చిక్కుకున్న గాలే కాపు, ఎందుకంటే కదలని గాలి వేడిని సరిగా మోయలేదు. శ్లాబుతో గట్టిదనం వచ్చింది, మేడ మీద మేడ కట్టుకునే వీలు వచ్చింది. ఈ అడ్డు మాత్రం పోయింది.

దాన్ని తిరిగి తెచ్చుకునే చవకైన దారి తెలుపు. మంచి తెల్లరంగు కొత్తలో ఎండలో దాదాపు 80 శాతాన్ని వెనక్కి కొడుతుంది. లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ శాస్త్రవేత్తలు కలిసి నగర పరిసరాల్లోని భవనాల మీద కొలిచి చూసి, 2012లో ఫలితాలు ప్రచురించారు. నల్లటి పైకప్పుకు తెలుపు వేస్తే చల్లదనానికి వాడే కరెంటు 14 నుంచి 26 శాతం తగ్గింది. మామూలు కాంక్రీటు పైకప్పయితే 10 నుంచి 19 శాతం ఆదా. దుమ్ము పట్టే కొద్దీ ఈ లాభం కరిగిపోతుంది, కాబట్టి వేసవి ముందు డాబా కడగడం కూడా ఇందులో భాగమే.

తెలుపును దాటి వచ్చే వేడికి ఇన్సులేషన్ కావాలి. అంగుళం మందం థర్మకోల్ షీటు వేడిని అడ్డుకోవడంలో మీటరు మందం కాంక్రీటుకు సాటి వస్తుంది. దాన్ని ఎక్కడ పెడతారన్నదే కీలకం. చాలామంది గదిలో ఫాల్స్ సీలింగ్ పైన పెట్టించి ఊరుకుంటారు. గదికి కొంత ఉపశమనం దక్కినా, శ్లాబు రోజూ ఎండకు సాగుతూ రాత్రికి ముడుచుకుంటూ పగుళ్ళు తీస్తూనే ఉంటుంది. గట్టి రకం షీట్లను శ్లాబు పైన పరిచి, నీరు దిగకుండా చూసి, ఆపైన సిమెంటు, తెల్ల టైల్స్ వేస్తే శ్లాబే నీడలో ఉన్నట్టు లెక్క. గృహాల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత, పైకప్పు నుంచి దిగే వేడికి ఒక పరిమితి పెట్టింది. మామూలు శ్లాబు దాన్ని రెండున్నర రెట్లకు పైగా మీరుతుంది.

రేకుల ఇంటి సంగతి వేరు. రేకుకు మందమే లేదు, నిమిషాల్లో సెగ లోపలికి దిగుతుంది. తెలుపు వేస్తే ఫలితం ఆ మధ్యాహ్నమే తెలుస్తుంది. రేకు కింద విడి థర్మకోల్ అంటించడం మాత్రం ప్రమాదం: నిప్పు తగిలితే కరుగుతూ, నల్లటి పొగ చిమ్ముతూ అంటుకుంటుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని పైకప్పులు లక్ష్యంగా పెట్టుకుంది. నివాస గృహాల్లో 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే తప్పనిసరి చేసింది. రేకుల ఇళ్ళు ఆ గీతకు చాలా కింద ఉంటాయి. ఏసీ పెట్టుకునే స్తోమత లేని ఆ కుటుంబాలకు తెల్లరంగు ప్రభుత్వ ఖర్చుతో ముందుగా అందాలి.