12,000 పౌండ్ల జాక్, 3 డిగ్రీల ఫ్రిజ్

అమెరికాలో మోటార్ హోమ్ కొన్న మనవాళ్లకు రెండు మూడు క్యాంపింగులయ్యాక ఒక సందేహం తప్పదు. ఆగిన ప్రతిచోటా చక్రాల కింద పలకలు పెట్టుకుంటూ ఉండాలా, హైడ్రాలిక్ లెవెలింగ్ జాక్‌లు బిగించేసుకోవాలా? అమ్మేవాళ్లు ముందుగా చూపించేది జాక్ ఎంత బరువు లేపుతుందన్న అంకె. నన్నడిగితే, అన్నిటికన్నా తక్కువ పట్టించుకోవాల్సింది దాన్నే.

బండి సమంగా నిలవకపోతే ఏమవుతుంది? పడుకుంటే తలవైపుకు జారతాం, స్నానం నీళ్లు ఓ మూల నిలుస్తాయి. వీటికి ఎలాగో సర్దుకోవచ్చు, ఫ్రిజ్ మాత్రం సర్దుకోదు. చాలా మోటార్ హోమ్‌లలో ఉండేది గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్. 1922లో స్టాక్‌హోమ్‌లో బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ మంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి అది. అందులో కంప్రెసర్ ఉండదు. అమోనియా, నీరు, హైడ్రోజన్ లోపల తిరుగుతుంటాయి. ద్రవాన్ని కిందికి దించేది దాని బరువే. బండి ఒరిగితే ద్రవం గొట్టాల్లో ఎక్కడికక్కడ నిలిచిపోతుంది. బాయిలర్ మితిమీరి కాగుతుంది. తుప్పు పట్టకుండా కలిపిన సోడియం క్రోమేట్ గట్టిపడి దారి మూసేస్తుంది. ఇక ఆ ఫ్రిజ్ పని అయిపోయినట్లే.

అందుకే తయారీదారులు సాధారణంగా పక్కలకు 3 డిగ్రీలు, ముందువెనకలకు 6 డిగ్రీలు దాటనివ్వొద్దంటారు. ఇక్కడే ఓ తిరకాసు ఉంది. ఈ పక్కలు ఫ్రిజ్‌కు ఎదురుగా నిలబడి చూసినప్పటి పక్కలు. ఫ్రిజ్‌ను సాధారణంగా బండి పక్కగోడకు ఆనించి పెడతారు కాబట్టి, ఫ్రిజ్ పక్కలంటే బండి ముందువెనకలు. అంటే కఠినమైన 3 డిగ్రీల హద్దు బండి పొడవుకు వర్తిస్తుంది. (12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్న కొత్త బండ్లకు ఈ బెడద లేదు.)

ఇప్పుడు బ్రోచర్ అంకె చూద్దాం. క్లాస్ సి రకం మోటార్ హోమ్‌లకు ఎక్కువగా వాడే ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద బండి, సామాను అన్నీ కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు 14,500 పౌండ్లు, అంటే దాదాపు 6,600 కిలోలు. జాక్ పిస్టన్ వ్యాసం రెండుంపావు అంగుళాలనుకుందాం. దాని వైశాల్యం దాదాపు 4 చదరపు అంగుళాలు. పంప్ ప్రతి చదరపు అంగుళం మీద 3,000 పౌండ్ల ఒత్తిడి ఇస్తే ఒక్కో జాక్ లేపేది సుమారు 12,000 పౌండ్లు. నాలుగూ కలిపితే 48,000. బండి బరువుకు మూడింతలు దాటింది. బలానికి కొరత లేదు.

కొరతంతా ఎత్తు దగ్గర. ఉదాహరణకు, చాసిస్ దూలాలకు బిగించాక ఎడమ కుడి జాక్‌ల మధ్య దూరం 40 అంగుళాలు, ముందు వెనక జాక్‌ల మధ్య 200 అంగుళాలు అనుకోండి. పక్కవైపు ఒక్క అంగుళం లేపితే బండి 1.4 డిగ్రీలు తిరుగుతుంది. పొడవువైపు అంతే తిరగాలంటే 5 అంగుళాలు లేపాలి. పిస్టన్ మొత్తం 14 అంగుళాలు చాచుకుంటుందనుకుంటే, పైకి ముడుచుకున్న జాక్ పాదం నేలకు 9 అంగుళాల ఎత్తులో ఉంటే, నేలను తాకడానికే 9 ఖర్చయిపోతాయి. లేపడానికి మిగిలేది ఆ 5 అంగుళాలే. 3 డిగ్రీల వాలు సరిచేయాలంటే పదిన్నర కావాలి. బోలెడంత డబ్బు పోసి జాక్‌లు పెట్టించుకున్నాక కూడా పాదాల కింద దిమ్మలు వేసుకునేవాళ్లు కనిపించేది ఇందుకే. కొనేముందు అడగాల్సింది టన్నులు కాదు: పిస్టన్ ఎంత చాచుకుంటుంది, బిగించాక పాదం నేలకు ఎంత ఎత్తులో ఉంటుంది?

పోనీ దిమ్మలు పెంచి ఎంతైనా లేపొచ్చా అంటే, వెనకవైపు అసలు కుదరదు. పార్కింగ్ బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలనే. అవి నేల వదిలితే బండిని ఆపేది ఏదీ ఉండదు, జాక్‌ల మీంచి జారిపోతుంది. కొన్ని చాసిస్‌లలో బ్రేక్ డ్రైవ్‌షాఫ్ట్ మీద ఉంటుంది. అలాంటి బండికి వెనక ఒక్క చక్రం లేచినా చాలు, అది గాల్లో వెనక్కి తిరుగుతుంటే డిఫరెన్షియల్ రెండో చక్రాన్ని ముందుకు దొర్లనిస్తుంది. వెనక భాగం బాగా పల్లంలో ఉంటే మొదట వెనక చక్రాలను పలకల మీదికి ఎక్కించి, ఆ తర్వాతే జాక్‌లు దించాలి. జాక్‌ల మీద నిలిచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు.

బిగింపు విషయంలో నేను మొదట చూసేది బోల్టుల తల. దాని మీద ఆరు గీతలుంటే గ్రేడ్ 8, మూడుంటే గ్రేడ్ 5. గ్రేడ్ 8 ఉక్కు చదరపు అంగుళానికి 1,50,000 పౌండ్లు తట్టుకుంటుంది, గ్రేడ్ 5 అయితే 1,20,000. చాసిస్ దూలం పై, కింది అంచుల్లో రంధ్రాలు వేయకూడదు; వంపు బరువంతా ఆ అంచులే మోస్తాయి. ఆయిల్ గొట్టాలు సైలెన్సర్‌కు దూరంగా పోవాలి.

కేబుల్ సంగతి చాలామంది వదిలేస్తారు. 12 వోల్టుల పంప్ మోటారు 150 ఆంపియర్లు లాగుతోందనుకోండి. రానూపోనూ 20 అడుగుల తీగ 6 గేజ్‌ది అయితే దారిలోనే 1.2 వోల్టులు పోతాయి. 2 గేజ్‌ది వేస్తే అర వోల్టుకు మించదు. మోటారు నీరసంగా మూలుగుతుంటే పంప్‌ను తిట్టేముందు తీగను చూడండి.

ఆయిల్ మట్టాన్ని జాక్‌లన్నీ పైకి ముడిచాకే చూడాలి. నాలుగు పిస్టన్లు 14 అంగుళాలు చాచుకుంటే దాదాపు ఒక గ్యాలన్ వాటిలోనే ఉంటుంది. అప్పుడు ట్యాంకు నింపితే, ముడిచినప్పుడు ఆ గ్యాలన్ పొంగి రోడ్డు పాలవుతుంది. లేపేటప్పుడు కూడా జతలుగా లేపాలి: ముందు రెండూ కలిపి, తర్వాత వెనక రెండూ. ఒక్క మూలను లేపితే చాసిస్ మెలి తిరుగుతుంది, పెద్ద బండ్లలో ముందద్దం పగలొచ్చు.

నేల మాటేమిటి? పది అంగుళాల గుండ్రటి పాదం వైశాల్యం 78.5 చదరపు అంగుళాలు. దాని మీద 4,000 పౌండ్లు పడితే చదరపు అంగుళానికి 51 పౌండ్లు. డల్లాస్ ఎండకు మెత్తబడ్డ తారులో అది దిగబడుతుంది. 16 అంగుళాల చదరపు మందపాటి పలక వేస్తే ఆ భారం 16 పౌండ్లకు తగ్గుతుంది.

చివరగా జాక్‌ల సొంత బరువు. పంప్, బ్రాకెట్లతో కలిపి సుమారు 200 నుంచి 300 పౌండ్లు, అదీ శాశ్వతంగా. 40 గ్యాలన్ల నీళ్లు మరో 334 పౌండ్లు. 150 పౌండ్ల మనుషులు నలుగురైతే 600. తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసిన మోత పరిమితిలోంచి ఇవన్నీ తీసేసి చూడండి, వంటసామాను ఇంకా ఎక్కలేదు.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందు, నీళ్లు నింపి, ఇంటిల్లిపాదీ ఎక్కి, ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ మీద ముందు, వెనక ఇరుసుల బరువు విడివిడిగా తూయించండి. ఏ ఇరుసు మీదైనా దాని పరిమితికి మిగులు 300 పౌండ్ల లోపు ఉంటే జాక్‌ల ఆలోచన మానుకోండి. పలకలు, ఒక రసమట్టం కొనుక్కుంటే సరిపోతుంది.