పాత జీన్స్ మీద కత్తెర పెట్టే ముందు

పాత జీన్స్ ప్యాంటుతో ఏమేం చేయొచ్చో చూపించే వీడియోలకు ఇప్పుడు లోటు లేదు. సీసాకు తొడుగు, పెన్నులు పెట్టుకునే డబ్బా, గోడకు వేలాడే గుడ్లగూబ, జిగురుతో అంటించిన నీలి గులాబీలు... చేస్తున్నంతసేపూ సరదాగానే ఉంటుంది, చూసినవాళ్లు బాగుందనీ అంటారు. ఏడాది తిరిగేసరికి ఆ గులాబీల నిండా దుమ్ము. జిగురు పూసిన గుడ్డ ఉతకడానికి పనికిరాదు, విప్పి ఇంకోటి కుట్టుకోవడానికీ పనికిరాదు. చెత్తబుట్టకు వెళ్లాల్సిన ప్యాంటు దారిలో ఒక మజిలీ చేసి మళ్లీ అక్కడికే చేరిందన్నమాట. దీన్ని రీసైక్లింగ్ అనడం పెద్దమాటే. పాత జీన్స్‌తో చేసిన వస్తువు ఎంత ముచ్చటగా ఉందన్నది తర్వాతి సంగతి. దానివల్ల ఏ వస్తువు కొనే పని తప్పింది, ఎన్నాళ్లు తప్పింది అన్నదే అసలు లెక్క. ఈ లెక్కకు నిలబడే వస్తువులు చాలానే ఉన్నాయి గానీ, అవి వీడియోల్లో అంత అందంగా కనబడవు.

ముందు గుడ్డ సంగతి. డెనిమ్ నేతలో పడుగు దారాలకు మాత్రమే నీలిరంగు వేస్తారు, పేకకు తెల్లదారం వాడతారు. పేక దారం మూడు పడుగు దారాల కింద నుంచి పోయి ఒకదాని మీదుగా వస్తుంది, అందుకే గుడ్డ పైకి నీలంగా, లోపలివైపు తెల్లగా ఉంటుంది. ఈ అమరిక వరుసవరుసకూ ఒక దారం పక్కకు జరుగుతుంది కాబట్టి ఏటవాలు గీతలు కనిపిస్తాయి. నీలిరంగు దారం నడిమధ్యదాకా ఇంకదు, పైపొరనే పట్టుకుని ఉంటుంది. రాపిడి తగిలిన చోటల్లా ఆ పొర రాలి లోపలి తెలుపు బయటపడుతుంది. కాబట్టి బాగా తెల్లబడిన చోటు బాగా అరిగిన చోటని అనుకోవచ్చు. కానీ ఈ రోజుల్లో ఈ గుర్తును పూర్తిగా నమ్మడానికి లేదు. కొత్తదే పాతదానిలా కనబడాలని ఫ్యాక్టరీలోనే రాళ్లతో కలిపి ఉతికి, గీకి అమ్ముతున్నారు. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడటమే మేలు. తొడల లోపలివైపు, మోకాళ్ల మీద వెలుగు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తే ఆ ముక్క కుట్టుకు ఆగదు. పిక్కల దగ్గర, మోకాలి వెనక గుడ్డ మాత్రం ప్యాంటు చిరిగే రోజుకు కూడా దాదాపు కొత్తగానే ఉంటుంది.

గుడ్డ ఒక్కటే కాదు, జీన్స్ కుట్టులోనే బరువు మోసే ఏర్పాటు ఉంది. అమెరికాలో నెవాడా రాష్ట్రం రీనో పట్టణంలోని జేకబ్ డేవిస్ అనే దర్జీ, కూలీల ప్యాంటు జేబులు ఊరికే చిరిగిపోతుంటే మూలల్లో రాగి రివిట్లు కొట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బట్టల వ్యాపారం చేసే లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు తెచ్చుకున్నాడు. జేబు మూలలు, రెండు వరసల మడత కుట్టు, నడుం పట్టీ, ఇవన్నీ లాగుడు తట్టుకోవడానికి చేసినవే. వాటిని కోసి పారేసి నున్నని గుడ్డతో పూలు చేసుకోవడమంటే ఆ ప్యాంటులో ఖరీదైన పనిని వదిలేసుకున్నట్టే.

ఈ బలమంతా నేరుగా పనికొచ్చేది కూరగాయల సంచికి. బలం ఒక్కటే కాదు, నీళ్ల లెక్క కూడా పాత గుడ్డ సంచి వైపే ఉంది. ఆ స్ట్రాస్ పేరు మీదున్న లీవైస్ కంపెనీ 2015లో ప్రకటించిన అంచనా ప్రకారం ఒక 501 రకం జీన్స్ ప్యాంటు జీవితకాలంలో ఖర్చయ్యే నీరు దాదాపు 3,781 లీటర్లు. అందులో 68 శాతం పత్తి పండించడానికే పోతుంది, మనం ఉతికే ఉతుకులకు 23 శాతం. అంటే ప్యాంటు బీరువాలోకి రాకముందే ఆ నీళ్లలో ఎక్కువ భాగం అయిపోయింది. కొత్త నూలు సంచికీ ఇదే చిక్కు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేయించిన లెక్కలో, మామూలు నూలు సంచి సూపర్‌మార్కెట్ ప్లాస్టిక్ సంచికి సరితూగాలంటే వాతావరణ మార్పు పరంగా 52 సార్లు, అన్ని రకాల ప్రభావాలూ కలిపి చూస్తే 7,100 సార్లు వాడాలని తేలింది. రోడ్డున, కాలవలో పడేసిన ప్లాస్టిక్ చేసే చేటుకు ఆ లెక్కలో విలువ కట్టలేదు. మన డ్రైనేజీ కాలవలు చూసినవాళ్లెవరూ ఆ అంకెను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోరు. అయినా అందులో ఒక నిజం ఉంది: పర్యావరణం పేరు చెప్పి కొత్త గుడ్డ సంచి కొనడం కన్నా, పత్తి ఖర్చు ఎప్పుడో అయిపోయిన పాత గుడ్డను సంచి చేసుకోవడం నయం.

కుట్టడం బ్రహ్మవిద్య కాదు. మోకాలి కింద కాళ్లు రెండూ కోసి, ఓవర్‌లాక్ చేసి ఉన్న సైడు కుట్టు విప్పితే రెండు పలకలు వస్తాయి. మడత కుట్టు ఉన్న రెండో వైపును విప్పకూడదు, అది పలక నడుమ పట్టీలా నిలబడి బరువు మోస్తుంది. అడుగు అంచు మడత కంపెనీవాళ్లే కుట్టి ఇచ్చారు కాబట్టి దాన్నే సంచి మూతిగా ఉంచుకోవాలి. కాలు కిందికి సన్నబడుతుంది గనుక మూతి కాస్త ఇరుకై, అడుగు వెడల్పుగా వస్తుంది. టమాటాలు దొర్లిపోకుండా ఉండటానికి అదీ మంచిదే. 34 అంగుళాల నడుం పట్టీని సగానికి కోస్తే ఒక్కోటి 17 అంగుళాల పిడి. కష్టమంతా కుట్టు మీద కుట్టు దాటే చోటే. అక్కడ ఏడెనిమిది పొరలు పడి సూది విరుగుతుంది. దర్జీలు పాత జీన్స్ పని అనగానే మొహం చిట్లించేది అందుకే. 16 లేదా 18 నంబరు సూది వేసి, లావైన చోట సుత్తితో నాలుగు దెబ్బలు వేసి అణిచి, అక్కడికి రాగానే తొక్కడం ఆపి చక్రాన్ని చేత్తో తిప్పితే ఇంట్లో ఉండే నల్లటి పాత మిషను కూడా దాటేస్తుంది. దర్జీకిచ్చే కూలితో బజార్లో సంచే వస్తుంది కదా అంటే, నిజమే, వస్తుంది. అయితే పది కిలోల బియ్యం వేసి ఎత్తినప్పుడు పిడి ఊడని సంచి ఆ ధరకు రాదు.

ఇంటికొక సంచి కుట్టుకుంటే ప్రపంచంలో చెత్త తగ్గుతుందా, ఆ పనేదో ఫ్యాక్టరీలే చేయాలి కదా అనేవాళ్లున్నారు. ఫ్యాక్టరీలు చేస్తున్నాయి కూడా. అమెరికాలో కాటన్ ఇన్‌కార్పొరేటెడ్ అనే సంస్థ 2006 నుంచి పాత డెనిమ్ సేకరించి, ఇళ్లలో చలీ వేడీ ఆపే పొరలు చేయిస్తోంది. అయితే గుడ్డను యంత్రంతో చీల్చి మళ్లీ దూది చేసినప్పుడు నార పొట్టిదైపోతుంది. అలాంటి దూదితో గట్టి నూలు వడకాలంటే కొత్త పత్తి కలపక తప్పదు. జిప్పులు, గుండీలు, రివిట్లు ముందే ఏరేయాలి, సాగే దారం కలిసి ఉంటే అదో తంటా. అన్నీ చేశాక కూడా మిగిలేది పాత గుడ్డ కన్నా తక్కువ సరుకే. గుడ్డను గుడ్డగానే వాడుకున్నంత కాలం ఆ నష్టం ఉండదు. దూది చేసే పని ఎటూ చివరికి ఉండనే ఉంది.

మరో ఆక్షేపణ ఇంతకన్నా బరువైనది: తొడుక్కునేవాళ్లుండగా కోయడం ఎందుకు? ఇందులో వాదించడానికేమీ లేదు. బిగుతైపోయిందనో, ఫ్యాషన్ పోయిందనో పక్కన పెట్టిన ప్యాంటు మీద కత్తెర పెట్టడం దండగ. ఎవరికైనా ఇవ్వాలి. లేదంటే పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లకు వేసినా అది ఎవరో ఒకరి ఒంటి మీదికి చేరే అవకాశం ఉంటుంది. మోకాలు చిరిగితే లోపల ముక్క వేసి కుట్టించుకుని ఇంకో రెండేళ్లు తొడుక్కోవచ్చు. తొడల మధ్య గుడ్డ పూర్తిగా పోయినప్పుడే ప్యాంటు చేతిపనికి రావాలి.

గుడ్డ ఎక్కువగా పోగుపడితే బొంత గుర్తుకొస్తుంది. అమెరికాలో అలబామా రాష్ట్రం గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలం పనికి కట్టిన డెనిమ్ బట్టలతో తరాలుగా బొంతలు కుట్టారు. వాళ్లలో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ భర్త పోయాక 1942లో ఆయన పనిబట్టలతోనే ఒక బొంత కుట్టింది. మోకాళ్ల దగ్గర వెలిసిన మచ్చలు, జేబు ఊడదీసిన చోట మిగిలిన ముదురు నీలం ఆ పల్లె బొంతల్లో అలాగే కనిపిస్తాయి. వాటిని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు ఆధునిక చిత్రకళతో పోల్చి మెచ్చుకున్నారు. ఆ స్త్రీలు మాత్రం చలికి తాళలేక కుట్టుకున్నారు. ఇది చూసి మనమూ కప్పుకునే బొంత కుడితే పొరపాటే. అరకులోనో ఆదిలాబాద్‌లోనో డిసెంబరులో తప్ప ఆ బరువు మోయలేం, తడిస్తే పిండలేం, ముసురు పట్టిన రోజుల్లో ఆరదు. మన చీరల బొంతే మన వాతావరణానికి తగినది. డెనిమ్‌ను ఒకే పొరగా కలిపి కుట్టి నులక మంచం మీద పరిస్తే మాత్రం తాడు ఒంటికి గుచ్చుకోదు, పదేళ్లయినా చిరగదు.

వంటింట్లో మసిగుడ్డకూ రెండు పొరల డెనిమ్ భేషుగ్గా పనికొస్తుంది, కానీ ఇక్కడే జాగ్రత్త. గుడ్డ అంచు నుంచి ఒక దారప్పోగు లాగి వెలిగించి చూడాలి. అచ్చమైన నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది. చివర కరిగి గట్టి పూసలా ముడుచుకుందంటే అందులో పాలిస్టరో సాగే దారమో ఉన్నట్టు, దాన్ని పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే జీన్స్‌లో ఎక్కువ భాగం ఇలా సాగే రకమే. సంచి కుడితే బరువుకు సాగి వేలాడుతుంది, బొంతలో పక్క ముక్కను లాగి ముడతలు పడేస్తుంది. సన్న పట్టీలుగా కోసి మొక్కల్ని కర్రకు కట్టడానికి బాగుంటుంది. కాడ లావెక్కే కొద్దీ అదీ సాగుతుంది. అంతకుమించి దానితో పెద్దగా చేసేదేమీ లేదు. కొనేటప్పుడే లోపలి లేబుల్ తిప్పి నూరు శాతం కాటన్ అని ఉందా, ఎలాస్టేన్ (సాగే దారం) రెండు శాతం అని ఉందా చూసుకుంటే, పదేళ్ల తర్వాత ఆ ప్యాంటు సంచి అవుతుందో లేదో ఆ రోజే తెలిసిపోతుంది.