సిలబస్ కాగితాలే ఆదుకున్నాయి!

బీకాం రెండో ఏడాదిలో పెళ్లయింది. 2009లో మావారితో కాలిఫోర్నియా వచ్చేశాను. ‘డిగ్రీ అక్కడికెళ్లి పూర్తి చేస్తుందిలెండి’ అని పెళ్లిచూపుల్లో అన్న మాట ఎవరికీ గుర్తులేదు, నాకు తప్ప. పాప బడికెళ్లే వయసు వచ్చాక ఓ రోజు ధైర్యం చేసి మా ఊరి కమ్యూనిటీ కాలేజీ మెట్లెక్కాను.

ఈ కాలేజీల గురించి మనవాళ్లకి అంతగా తెలీదు. రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీలివి. ఇల్లినాయిలో 1901లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీ వీటిలో అన్నిటికన్నా పాతది. ఇక్కడ రెండేళ్లు చదివి, మిగతా రెండేళ్లకి పెద్ద విశ్వవిద్యాలయానికి మారొచ్చు. దాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. కాలిఫోర్నియాలో స్థిరంగా ఉంటున్నవాళ్లకి ఫీజు 2012 నుంచి యూనిట్‌కి 46 డాలర్లు. రెండేళ్ల చదువంటే 60 యూనిట్లు, అంటే 2,760 డాలర్లు. నా క్లాసుల్లో పగలంతా పనిచేసి వచ్చే అమ్మలు, రిటైరైన తాతలు ఉండేవాళ్లు. మూడేళ్లలో నిదానంగా ఆ 60 యూనిట్లూ పూర్తి చేశాను.

2016లో ఇంటికి దగ్గర్లోని ఒక ప్రైవేటు కాథలిక్ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్‌కి సీటొచ్చింది. క్లాసుకి పాతిక, ముప్ఫై మందే. పాపని బడి నుంచి తెచ్చుకునే వేళకి ఇల్లు చేరొచ్చు. కానీ ఏడాది ఫీజు 40,000 డాలర్ల పైమాటే! మాది హెచ్4 వీసా. ఆ వీసా మీద ఉన్నవాళ్లకి ప్రభుత్వ ఆర్థిక సాయం రాదు. విశ్వవిద్యాలయమే నా మార్కులు చూసి స్కాలర్‌షిప్ ఇచ్చింది. అది పోనూ మిగిలింది ఇల్లు కొనుక్కుందామని దాచిన డబ్బులోంచి తీశాం. మావారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే చెక్కు రాసిచ్చారు.

ఇండియాలో అత్తగారి బెంగ వేరు. “అదేంటమ్మాయ్, ఫాదర్ల కాలేజీలో చేరతావా? పూజలు మానిపిస్తారేమో!” అన్నారు ఫోన్లో. వెనకనించి మామగారి గొంతు: “నేను చదివింది విజయవాడ లయోలాలోనేగా! రోజూ విభూతి పెట్టుకునే వెళ్లాను. ఒక్క ఫాదరైనా తుడుచుకోమన్లేదు.” నేను చేరింది కూడా ఆ జెస్యూట్ ఫాదర్లు పెట్టినదే. మతాల గురించి, తత్వశాస్త్రం గురించి క్లాసులు తప్పనిసరి, నిజమే. అక్కడ చెప్పింది చదువే కానీ మతం మారమని కాదు. ధనుర్మాసంలో అమ్మ చదివే తిరుప్పావై మీద వ్యాసం రాస్తే, ఫాదర్ దాన్ని శ్రద్ధగా చదివి పక్కన రెండు ప్రశ్నలు రాశారు. జవాబు కోసం అమ్మకే ఫోన్ చేయాల్సొచ్చింది!

అసలు చిక్కు ఇంకోచోట వచ్చింది. కమ్యూనిటీ కాలేజీలో నేను చదివిన పాఠాల వరస ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కోసం తయారైంది. దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలని ప్రైవేటు వాళ్లకి నియమమేం లేదు. సీటొచ్చిన సంబరంలో నేను ఆ సంగతి అడగనేలేదు. డబ్బు కట్టాక లెక్క తేలింది. 60లో 12 యూనిట్లు ఊరికే ఐచ్ఛికాల కింద వేశారు. స్టాటిస్టిక్స్, బిజినెస్ లా మళ్లీ చదవాలన్నారు. అంటే ఇంకో సెమిస్టర్, ఇంకో దఫా ఫీజు. ఆ రాత్రి వంటింట్లో నిలబడి ఏడ్చాను.

పాత కాగితాలు పారేయడం నాకు చేతకాదని ఇంట్లో అందరూ దెప్పేవాళ్లు. ఆ అలవాటే గట్టెక్కించింది. ప్రతి క్లాసు సిలబస్సూ అట్టపెట్టెలో పదిలంగా ఉంది. రెండిటినీ పట్టుకెళ్లి విభాగాధిపతికి చూపించాను. ఏ వారం ఏ పాఠం, ఏ పుస్తకం, ఎన్ని పరీక్షలు అన్నీ చూశారామె. పది రోజుల్లో రెండు క్లాసులూ ఒప్పుకున్నారు. కాస్త ఎక్కువ బరువు నెత్తినేసుకుని రెండేళ్లలోనే గట్టెక్కాను.

మొదటిరోజు క్లాసులోకి వెళ్తే ఇరవయ్యేళ్ల పిల్లలు నన్ను టీచరనుకుని సర్దుకు కూర్చున్నారు. నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. చదువుకి ఆలస్యమైంది నాకొక్కదానికే కాదులెండి. 1851లో మొదలైన శాంతా క్లారా విశ్వవిద్యాలయం ఆడపిల్లలకి తలుపులు తెరిచింది 1961లో. నోటర్‌డామ్‌లో డిగ్రీ చదువుకి 1972 దాకా ఆగాల్సొచ్చింది!

నాలాగే చదువు ఆపేసి ఇక్కడికొచ్చిన చెల్లెళ్లకి నా మాట ఒక్కటే. సీటొచ్చిందని వెంటనే డబ్బు కట్టకండి. మీ యూనిట్లలో ఎన్ని డిగ్రీ లెక్కలోకి వస్తాయో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికా, రెండేళ్లకా అడగండి. సిలబస్ కాగితాలు మాత్రం పారేయకండి.

2018 మేలో పట్టా అందుకున్నాను. 2015లో వచ్చిన నిబంధన పుణ్యమా అని హెచ్4 మీదే ఉద్యోగానికి అనుమతీ దొరికింది. మొదటి జీతంతో ఏం కొన్నావని అమ్మ అడిగింది. ఇంటి కోసం దాచిన ఖాతాలో వేశానన్నాను. కాగితాల పెట్టె మాత్రం ఇంకా మంచం కిందే ఉంది. ఎవరూ దెప్పడం లేదు!